నలభై గంటల వీడియోలు, మూడు రోజుల తలనొప్పి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఏటా కొత్త కోర్సులు చేయకపోతే ఉద్యోగం గల్లంతే అన్నట్టు ఒక పెద్ద వ్యాసం వేశారు. దాని ఎదురు పేజీలోనే కోచింగ్ సెంటర్ ప్రకటన, అర పేజీ. కావాలని పక్కపక్కన పెట్టారని నేననను. కానీ ఆ రెండూ చదివిన మా ఆడపడుచు కొడుకు, ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు, పొద్దున్నే ఫోన్ చేసి "అత్తా, ఏ కోర్సులో చేరమంటావు, ఫీజు ముప్ఫై వేలంట" అన్నాడు. పొయ్యి మీద పాలు పెట్టి ఉన్నాయి, వాడికి సరిగ్గా చెప్పలేకపోయాను. చెప్పాల్సింది ఇలా మీకు రాస్తున్నాను. ఉత్తరం పెద్దదైంది. కత్తిరించుకుంటే కత్తిరించుకోండి గానీ మధ్యలో తేదీల కథ ఒకటుంది, అది మాత్రం ఉంచండి.

నేను పద్దెనిమిదేళ్ళకు పైగా జావా అనే భాషలో ప్రోగ్రాములు రాసి బతుకుతున్నదాన్ని. నల్గొండలో ఎంసీఏ చేసి 2006లో అమీర్‌పేటకు వచ్చాను. అప్పట్లో మైత్రీవనం దగ్గర బస్సు దిగితే రోడ్డు దాటేలోపు చేతిలో నాలుగు పాంప్లెట్లు పడేవి: కోర్ జావా, డాట్‌నెట్, ఒరాకిల్, టెస్టింగ్ టూల్స్. ఎస్సార్ నగర్‌లో హాస్టల్, గదికి అయిదుగురం. ఏడు గంటల బ్యాచ్‌కి ఆరున్నరకే వెళ్ళి ముందు బెంచీ మీద నోట్సు పడేసి సీటు ఆపుకునేవాళ్ళం, ఎందుకంటే హాల్లో వందమందికి పైనే ఉండేవాళ్ళు, వెనక కూర్చుంటే బోర్డు కనిపించదు, సార్ గొంతు మైకులో మాత్రం వినిపిస్తుంది.

అమీర్‌పేట అంటే ఇప్పుడు అందరికీ వెటకారమే, ఫేక్ ఎక్స్‌పీరియన్సులు, జిరాక్స్ షాపులో దొరికే ఇంటర్వ్యూ ప్రశ్నల కట్టలు, అవన్నీ నిజమే. "రెండేళ్ళు పెట్టుకో, ఎవరు చూస్తారు" అని నాకూ చెప్పారు. నేను పెట్టుకోలేదు, నిజాయితీ అని చెప్పుకోను, ధైర్యం చాల్లేదు అంతే. అయితే అక్కడ ఒక మంచి సంగతి ఉండేది, అది ఎవరూ అనుకుని పెట్టింది కాదు. మాలో ఎవరికీ సొంత సిస్టమ్ లేదు. సార్ బోర్డు మీద ఒక ప్రోగ్రాం రాసి, అవుట్‌పుట్ ఏం వస్తుందో కాగితం మీద రాయండి అని చేతులు కట్టుకుని నిలబడేవారు. తర్వాత ల్యాబ్‌లో రోజుకి ఒక గంట స్లాట్, అదీ ఇద్దరికో సిస్టమ్. గంట అయిపోతుందన్న భయానికి, ల్యాబ్‌కి వెళ్ళేముందే ఆ కాగితాన్ని పదిసార్లు చదువుకునేవాళ్ళం, ఎక్కడ సెమీకోలన్ పోయిందో, ఏ వేరియబుల్‌లో ఏ విలువ ఉంటుందో వేళ్ళ మీద లెక్క పెట్టుకునేవాళ్ళం. అప్పుడది పేదరికంలానే అనిపించింది. ఇప్పటికీ ఏదైనా కోడ్ చూస్తే నడపకముందే అది ఎక్కడ తంతుందో కాస్త అందుతుందంటే ఆ కాగితాల పుణ్యమే.

ఇక తేదీల కథ. 2009 అనుకుంటాను. మా క్లయింటుకి ఇన్సూరెన్స్ వ్యాపారం. నెలాఖరున కస్టమర్లకి వెళ్ళే ఉత్తరాల్లో ప్రీమియం కట్టాల్సిన తేదీ కొందరికి తప్పుగా పడుతోందని కంప్లయింట్ వచ్చింది. అందరికీ కాదు, వేలల్లో ఏ ఇరవై మందికో. తమాషా ఏంటంటే ఆ తప్పు తేదీలు గాల్లోంచి ఊడిపడినవి కావు, ఇంకెవరో కస్టమర్‌వి. నా మెషీన్ మీద నడిపితే అన్నీ సరిగ్గా వస్తాయి. డేటాబేస్‌లో చూస్తే తేదీ సరిగ్గానే ఉంది. ఒకరోజు పోయింది, రెండో రోజూ పోయింది. హాస్టల్‌కి వెళ్ళాక కూడా అదే కలలోకి వచ్చేది.

మా టీమ్ లీడ్ గుంటూరాయన. ఆయనకి జవాబు తెలుసని నాకు తర్వాత అర్థమైంది. అప్పుడు మాత్రం చెప్పలేదు. మూడో రోజు మధ్యాహ్నం నా సీటు దగ్గరికొచ్చి, "ఏమ్మా, జేడీకే ఫోల్డర్లో ఎస్ఆర్‌సీ డాట్ జిప్ అని ఒకటి ఉంటుంది, ఎప్పుడైనా విప్పి చూశావా? చూస్తూ ఉండు, నేను అన్నం తినొస్తా" అని వెళ్ళిపోయారు. జేడీకే అంటే జావా రాసేవాళ్ళు మెషీన్‌లో వేసుకునే సామాను పెట్టె, ఆ జిప్‌లో ఉండేది జావా సొంత కోడ్. అప్పటిదాకా జావా లోపలి కోడ్ మనలాంటివాళ్ళు చదవొచ్చన్న సంగతే నాకు తట్టలేదు. విప్పాను. తేదీని అక్షరాల్లోకి మార్చడానికి మేం వాడే క్లాసు (జావాలో సిద్ధంగా ఉండే కోడ్ ముక్క) పేరు సింపుల్‌డేట్‌ఫార్మాట్. పేరులో సింపుల్ ఉంది, లోపల లేదు. దానికి ఒక సొంత క్యాలెండర్ ఆబ్జెక్ట్ ఉంటుంది, మనం తేదీ ఇవ్వగానే ముందు ఆ క్యాలెండర్‌లో రాసుకుని, మళ్ళీ అందులోంచి చదివి మనకి ఇస్తుంది. మా కోడ్‌లో ఎవరో పుణ్యాత్ముడు ప్రతిసారీ కొత్తది చేయడం దండగ అనుకుని దాన్ని స్టాటిక్‌గా పెట్టి అందరికీ ఒకటే చేశాడు. బడిలో ఒకే పలక ఉన్నట్టన్నమాట. నేను నా తేదీ రాసి తిరిగి చదువుకునేలోపు ఇంకొకరొచ్చి చెరిపి వాళ్ళది రాస్తే, నేను చదివేది వాళ్ళ తేదీ. నా మెషీన్ మీద వాడేది నేనొక్కదాన్నే కాబట్టి పలక ఎప్పుడూ నాదే. నెలాఖరున ఒకేసారి బోలెడు థ్రెడ్లు (ఒకే ప్రోగ్రాంలో పక్కపక్కన నడిచే పనులు) నడిచినప్పుడే ఒకరిమీద ఒకరు రాసుకుంటారు. దీన్ని పలు థ్రెడ్ల మధ్య పంచుకోకండి, సింక్రనైజ్ చేసింది కాదు (ఒకరి తర్వాత ఒకరు వాడేలా కాపలా లేదు) అని ఆ క్లాసు డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. చదివినవాడు లేడు.

ఆయన అన్నం తిని, కిళ్ళీ కూడా వేసుకుని వచ్చేసరికి నేను నిలబడి ఉన్నాను, కూర్చోలేక. మార్చింది ఒక్క లైను. దానికి పట్టింది మూడు రోజులు.

ఇప్పుడు మీ వ్యాసం లెక్కన చూస్తే ఆ మూడు రోజుల్లో నేను "నేర్చుకున్న కోర్సులు" సున్నా, సర్టిఫికెట్ లేదు, రెజ్యూమెలో రాసుకోడానికి ఒక్క ముక్క లేదు. కానీ థ్రెడ్లంటే ఏంటో, పంచుకున్న వస్తువుతో ఏం ప్రమాదమో, లోడ్ పడినప్పుడు మాత్రమే కనిపించే తప్పు ఎలా ఉంటుందో, డాక్యుమెంటేషన్ ఎందుకు చదవాలో నాకు ఒంటబట్టింది అప్పుడే. తర్వాత 2014లో జావా 8 వచ్చింది, అందులో తేదీలకి మొత్తం కొత్త క్లాసులు పెట్టారు, ఒకసారి చేశాక లోపలి విలువ మార్చడానికి వీల్లేకుండా కట్టారు. చాలామంది అబ్బా మళ్ళీ కొత్తదా అని తల పట్టుకున్నారు. నాకు పది నిమిషాల్లో ఎక్కింది, ఎందుకలా కట్టారో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ వాత నా ఒంటిమీదే ఉంది. కొత్త టెక్నాలజీల్లో సగం పాత నొప్పికి రాసిన మందులే, నొప్పి తెలిసినవాడికి మందు పేరు గుర్తుంటుంది.

అందరికీ ఇలా సాఫీగా జరుగుతుందని చెప్పడం లేదు. మా ఫ్రెండ్ ఒకావిడ యాంగులర్‌జేఎస్ (వెబ్‌పేజీలు కట్టడానికి గూగుల్ ఇచ్చిన ఫ్రేమ్‌వర్క్, అంటే సిద్ధంగా ఉండే కోడ్ చట్రం) మీద మూడేళ్ళు పనిచేసి మంచి పేరు తెచ్చుకుంది. 2016లో యాంగులర్ 2 అని వచ్చింది, పేరు అదే, లోపల మొత్తం వేరే. పాతదానికి గూగుల్ సపోర్టు కూడా 2021 చివరితో ఆగిపోయింది. వెబ్‌పేజీల్లో బొమ్మలు ఆడించే ఫ్లాష్ నేర్చుకున్నవాళ్ళ సంగతి ఇంకా ఘోరం, 2020తో ఆ దుకాణమే మూసేశారు. అలాంటప్పుడు కోర్సు అవసరమే, నేను కాదనను, ఆవిడా చేసింది. చేసి ఆరు వారాల్లో నిలదొక్కుకుంది. అదే బ్యాచ్‌లో కూర్చున్న ఇంకొకతను ఏడాదైనా తేరుకోలేదు. ఇద్దరికీ చెప్పిన సార్ ఒకరే. ఆవిడకి బ్రౌజర్ ఎలా పనిచేస్తుందో, సర్వర్‌కి రిక్వెస్ట్ ఎలా వెళ్ళొస్తుందో ముందే బాగా తెలుసు, అతనికి పాత ఫ్రేమ్‌వర్క్ సింటాక్స్ (రాసే పద్ధతి) ఒక్కటే తెలుసు. అంతే తేడా.

ఇప్పుడు మా ఆఫీసు ముచ్చట చెప్తాను (పేరెందుకు, చాలా చోట్ల ఇదే తంతు). ఏడాదికి నలభై గంటల లెర్నింగ్ పూర్తి చేయాలని టార్గెట్. ఒక పోర్టల్ ఉంది, దాంట్లో వీడియోలు. మార్చి నెల వచ్చిందంటే మా ఫ్లోర్‌లో ప్రతి రెండో సిస్టమ్ మీద ఒక మూలన వీడియో మ్యూట్‌లో పరిగెడుతూ ఉంటుంది, రెండింతల స్పీడులో, అవతలి కిటికీలో మనిషి తన పని తాను చేసుకుంటూ ఉంటాడు. చివర్లో క్విజ్, తప్పు పెడితే మళ్ళీ పెట్టొచ్చు, మూడోసారికి ఎవరైనా పాస్. నేనూ అలాగే పూర్తి చేశాను, మొన్నటి ఏడాది నాకు బ్యాడ్జి కూడా వచ్చింది, ఏ సబ్జెక్టులో అని అడక్కండి. క్లౌడ్ సర్టిఫికెట్ల సంగతీ అంతే, డంప్స్ అని ప్రశ్నలూ జవాబులూ దొరుకుతాయి, బట్టీ పట్టి రాసి లింక్డ్‌ఇన్‌లో పెట్టుకుంటారు, వందమంది కంగ్రాట్స్ చెప్తారు. కష్టపడి చదివి రాసినవాళ్ళూ ఉన్నారు పాపం, కానీ కాగితం చూసి ఎవరు ఎవరో చెప్పలేం.

అదే ఆఫీసులో ఒక బగ్ (కోడ్‌లో తప్పు) మీద మూడు రోజులు కూర్చుంటాను అనండి చూద్దాం. స్ప్రింట్, అంటే ఒక విడత పని గడువు, రెండు వారాలు. రోజూ పొద్దున స్టాండప్ అనే చిన్న మీటింగ్, నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, బ్లాకర్ (అడ్డంకి) ఏమైనా ఉందా. మొదటి రోజు వెతుకుతున్నాను అంటే సరే అంటారు. రెండో రోజు అదే మాట చెప్తే స్క్రీన్ మీద మొహాలు మారతాయి. మూడో రోజు "ఎవరినైనా హెల్ప్ తీసుకో" అంటారు, ఆ హెల్ప్ వచ్చినవాడు "సర్వర్ రీస్టార్ట్ చేశాను, పోయింది" అంటాడు, ఆ కంప్లయింట్ టికెట్ క్లోజ్. తప్పు అక్కడే ఉంటుంది, నేర్చుకోవాల్సింది అక్కడే ఉండిపోతుంది. పని మధ్యలో లోతుకి దిగే సమయం మొత్తం ఇలా పిండేసి, ఆదివారం కూర్చుని సొంత డబ్బుతో కోర్సు చేయమంటున్నారు, సార్, నా గొడవ ఇదీ. ఆ ఆదివారం కూడా అందరికీ ఒకటే కాదు. పెళ్ళికాని కుర్రాడి ఆదివారం వేరు, మాలాంటి వాళ్ళ ఆదివారం వేరు. మా పాప పుట్టాక రెండేళ్ళపాటు నేను చేసిన సొంత చదువంతా పాపని ఒళ్ళో వేసుకుని ఫోన్లో రిలీజ్ నోట్స్ (కొత్త వెర్షన్‌లో ఏం మారిందో చెప్పే కాగితాలు) చదవడమే. (దాని మీద రాస్తే ఇంకో ఉత్తరం అవుతుంది.)

2021 డిసెంబరులో ఏం జరిగిందో మీ పాఠకుల్లో చాలామందికి తెలియకపోవచ్చు. లాగ్‌ఫోర్‌జే అని ఒక చిన్న లైబ్రరీ, ప్రోగ్రాం ఏం చేసిందో డైరీ రాసుకోవడానికి వాడతాం, జావా లోకంలో ఇది లేని ఇల్లు తక్కువ. ఆ డైరీలోకి వెళ్ళే మాటల్లో ఒక రకంగా చిరునామా రాసి పంపితే, ఆ లైబ్రరీ అక్కడికెళ్ళి ఉన్న కోడ్ తెచ్చుకుని నడిపేస్తుందని బయటపడింది. మైన్‌క్రాఫ్ట్ ఆటలో చాట్‌లో ఒక లైను టైపు చేసి సర్వర్లని చేతిలోకి తీసుకున్నారు. వార్త గుప్పుమన్నది శుక్రవారం, 10వ తేదీ. శని, ఆదివారాలు మాకు లేవు. ఆ రెండు రోజుల్లో తెలిసింది ఏంటంటే, పదేళ్ళుగా ఆ లైబ్రరీ వాడుతున్నవాళ్ళలో చాలామందికి తమ అప్లికేషన్‌లో అది ఏ వెర్షన్ ఉందో తెలియదు, అసలు అది ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, మనం తెచ్చుకున్నదేమో మనం తెచ్చుకున్న ఇంకో లైబ్రరీ వెంటపెట్టుకొచ్చిందేమో. ఒక పాత అప్లికేషన్ మాత్రం, 2015లోనే సపోర్టు ఆగిపోయిన మొదటి తరం వెర్షన్ మీద ఉండటం వల్ల ఈ గండం తప్పించుకుంది, బద్ధకం కూడా ఒక్కోసారి కాపాడుతుంది. సరిచేసిన వెర్షన్ అని వేస్తే దాన్లోనూ లోపం, మళ్ళీ ఇంకోటి, మళ్ళీ ఇంకోటి, ఆ నెలంతా అదే పని. కానీ ఆ నెలలో మా టీమ్ కుర్రాళ్ళు డిపెండెన్సీ ట్రీ (ఏ లైబ్రరీ దేన్ని వెంటపెట్టుకొచ్చిందో చూపే పట్టిక) చదవడం నేర్చుకున్నట్టు ఏ వీడియో నేర్పలేదు. మేనేజర్లు కూడా ఆ వారం స్టోరీ పాయింట్లు (ఎంత పని చేశామో కొలిచే మార్కులు) అడగలేదు. అడగకపోతే ఎంత నేర్చుకుంటామో అప్పుడే చూశాను.

ఇప్పుడు ఏఐ దగ్గరికొస్తాను, రాకపోతే పాత చింతకాయ పచ్చడి అంటారు. నేనూ వాడతాను, రోజూ వాడతాను, కోడ్ సరిగ్గా నడుస్తోందో చూసే బోరు కొట్టే టెస్టులు రాయడానికి దానికంటే సుఖం లేదు. ఈమధ్య మా టీమ్‌లో కొత్తగా చేరిన వరంగల్ అబ్బాయి కోడ్ రివ్యూకి (ఇంకొకరు చదివి తప్పులు చూడ్డానికి) పెట్టాడు. శుభ్రంగా ఉంది, పేర్లు బాగున్నాయి, కామెంట్లు నాకంటే బాగా రాసుంది. పైనుంచి చదువుకుంటూ వస్తే నాలుగో లైనులో, సార్, స్టాటిక్ సింపుల్‌డేట్‌ఫార్మాట్. పదిహేనేళ్ళ తర్వాత పాత శత్రువు ఎదురుపడ్డట్టు చెయ్యి ఆగిపోయింది. పిలిచి అడిగితే "ఏఐ ఇచ్చింది అక్కా, టెస్టులన్నీ పాస్ అయ్యాయి" అన్నాడు. పాసవుతాయి మరి, టెస్టులో పలక పట్టుకునేది ఒక్కడే. నా ఎదురుగానే దాన్ని అడగమన్నాను, ఇది పలు థ్రెడ్లలో వాడితే పర్వాలేదా అని. వెంటనే ఒప్పుకుంది, మీరన్నది నిజమే అని, కొత్త క్లాసుతో మార్చి ఇచ్చింది, నేను మూడు రోజులు పడ్డ పాటు అది మూడు సెకన్లలో చెప్పింది. అబ్బాయి నవ్వాడు. నేనూ నవ్వాను. కాకపోతే ఆ ప్రశ్న అడగాలని వాడికి తట్టలేదు, నాకు తట్టింది, ఎందుకు తట్టిందో పైన రాశాను.

మేం మాత్రం ఏం ఉద్ధరించాం, 2008 నుంచీ స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్‌లో చూసి కాపీ కొట్టినవాళ్ళమే కదా అని మీరనొచ్చు. కొట్టాం. అయితే అక్కడ ఒక ప్రశ్నకి నాలుగు జవాబులుండేవి, కింద కామెంట్లలో ఒకడు నువ్వు చెప్పింది తప్పు అంటాడు, ఇంకొకడు ఈ వెర్షన్‌లో పనిచేయదు అంటాడు, ఆ తగువు చదవకుండా ఏది తీసుకోవాలో తేలేది కాదు. మాకు చదువు ఆ తగువులోనే వచ్చింది. ఇప్పుడు తగువు లేదు, ఒకటే జవాబు, అదీ చాలా మర్యాదగా.

ఇదే సందర్భంలో మన హైదరాబాద్‌కే చెల్లిన ఒక విచిత్రం గుర్తొస్తోంది: జాబ్ సపోర్ట్. అమెరికాలో ఉద్యోగం ఒకరిది, రాత్రి తొమ్మిదింటికి ఇక్కడ స్క్రీన్ షేర్ చేసుకుని పని చేసిపెట్టేది ఇంకొకరు, నెలకింత అని. తప్పా ఒప్పా అన్నది పక్కనపెట్టండి (తప్పే). నాకు తెలిసినతను ఒకాయన నాలుగేళ్ళు అలా చేశాడు. రోజుకో కొత్త ప్రాజెక్టు, ఎవరి కోడో, ఎవరి బగ్గో, గంటలో తేల్చాలి. ఇవాళ అతనంత గట్టి డెవలపర్ మా బ్యాచ్‌లో లేడు. అటువైపు డాలర్లలో జీతం తీసుకున్నాయనకి మాత్రం నాలుగేళ్ళ తర్వాత కూడా రాత్రి ఫోన్ చేయకపోతే పూట గడవదు. బగ్ ఎవడి చేతిలో నలిగిందో విద్య వాడికే వచ్చింది.

సరే, మా మేనల్లుడికి ఏం చెప్పాలి? కాలేజీలో ల్యాబ్ రికార్డు సీనియర్‌ది చూసి రాస్తున్నాడు, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు అమీర్‌పేటలో డబ్బిచ్చి కొనుక్కోవాలని ఇప్పటినుంచే ప్లాను. తర్వాత నేనే ఫోన్ చేసి, ముందు ఆ ప్రాజెక్టు కొనకు, చెత్తగా ఉన్నా నువ్వే చెయ్యి, కోర్సుకనుకున్న ఆ ముప్ఫై వేలు నీ దగ్గరే ఉంచుకో అని చెప్పాను. పాఠాలు వినాలంటే ఐఐటీ వాళ్ళ ఎన్‌పీటెల్ పాఠాలు డబ్బుల్లేకుండా వినొచ్చు. విన్నది ఎవరికైనా తెలుగులో చెప్పి చూడమన్నాను, చెప్పలేకపోతే రాలేదని లెక్క. నేను ఇప్పటికీ ఏదైనా కొత్తది చదివితే మా పాంట్రీలో టీ తాగుతూ పక్క టీమ్ ఆవిడకి తెలుగులో చెప్తాను, ఆవిడ "అయితే ఇది దేనికే" అని ఒక్క ప్రశ్న వేస్తే నా డొల్లతనం బయటపడుతుంది.

నా దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది, పిల్లల స్కూలు పుస్తకాలతో పాటు కొన్నదే. ప్రతి గట్టి బగ్‌కీ ఒక పేజీ: తేదీ, ఏం కనిపించింది, నేనేం అనుకున్నాను, అసలు కారణం ఏంటి. మూడోదీ నాలుగోదీ కలిసిన పేజీలు చాలా తక్కువ. ఏఐని అడిగేముందు కూడా ఆ మూడోది రాసుకుంటాను. ఇంతకు మించి నా దగ్గర పెద్ద చిట్కాలేం లేవు.

మీకు నా మనవి ఒకటే, "ఈ పది కోర్సులు చేస్తే లక్షల జీతం" తరహా వ్యాసాలు కాస్త తగ్గించి, కంపెనీల వాళ్ళని కూడా ఒకసారి అడగండి, మీ ఉద్యోగి ఆఫీసు వేళల్లో ఒక తప్పు వెనకాల ఎంతసేపు పడొచ్చు అని. నేను మా మేనేజర్ని అడిగాను. గురువారం మధ్యాహ్నం రెండు గంటలు, టీమంతా కలిసి, ఆ వారం రీస్టార్ట్ చేసి వదిలేసిన ఒక బగ్‌ని తీసి అసలు కారణం దాకా తవ్వుదాం అని మెయిల్ పెట్టాను. మంచివాడే, కాదనలేదు. ఐడియా బాగుంది, కానీ ఆ రెండు గంటలు టైమ్‌షీట్‌లో (ఏ గంట ఏ పనికో రాసే పట్టీలో) ఏ ఖాతా కోడ్ కింద వేయాలి అని జవాబిచ్చాడు. హెచ్ఆర్‌ని అడిగాం. లెర్నింగ్ కోడ్ కింద వేయడానికి కుదరదట, అది పోర్టల్‌లో వీడియోలు చూసినదానికి మాత్రమేనట.

ఇట్లు,
ఒక జావా డెవలపర్,
మియాపూర్, హైదరాబాద్.
(పేరు వేయవద్దని మనవి, అప్రైజల్స్ దగ్గరపడ్డాయి.)